బేబీ గేట్ రివ్యూ: పాపకి, మా కుక్క బ్రూనోకి ఇద్దరికీ పనికొచ్చిన వస్తువు

ఇంట్లో కుక్క, పాకే వయసు పిల్లలు ఇద్దరూ ఉన్నవాళ్లు ఏం కొనాలని అడిగితే నేను ముందు చెప్పేది బేబీ గేట్, అంటే గుమ్మానికి అడ్డంగా పెట్టే పొట్టి గేటు. మేం వాడుతున్నది గోడకు డ్రిల్లు వేయక్కర్లేని రకం. ఇనుప ఫ్రేము, నిలువు కడ్డీలు, మధ్యలో తలుపు, నాలుగు మూలల్లో మరలు. మరలు బిగిస్తే వాటి చివరనున్న రబ్బరు బిళ్లలు గోడను రెండువైపులా నొక్కిపట్టి గేటును నిలబెడతాయి.

పెట్టె విప్పగానే చాలామంది "ఇది వంకరగా ఉంది" అని వాపసు పంపేస్తుంటారు. నిజంగానే అలా కనిపిస్తుంది. తలుపుకి, ఫ్రేముకి మధ్య వేళ్లు దూరేంత సందు ఉంటుంది, గడియ అందదు. అది లోపం కాదు. ఫ్రేము కింద కడ్డీతో కలిసి ఉంటుంది, పైన విడిగా ఉంటుంది. గుమ్మంలో నిలబెట్టి పైమరలు బిగించేకొద్దీ ఫ్రేము రెండు పక్కలూ దగ్గరికొచ్చి సందు మూసుకుంటుంది. ఈ మాట పెట్టెలో వచ్చే కాగితం మీద పెద్ద అక్షరాలతో వేయాల్సింది, చిన్న బొమ్మతో సరిపెట్టారు. కొలత తీసేటప్పుడు గుమ్మం పైనే కాదు, నేల దగ్గర కూడా తీయండి. స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ఉంటే అక్కడ వెడల్పు తగ్గిపోతుంది.

గడియ బాగుంది. బొటనవేలితో మీట వెనక్కి జరిపి తలుపు కాస్త పైకెత్తితే తెరుచుకుంటుంది. పాప చంకలో ఉన్నా ఒక్క చేత్తో అయిపోతుంది. వదిలేస్తే తనంతట తనే మూసుకుంటుంది, కాకపోతే ఠక్కున చప్పుడవుతుంది. పాప నిద్రపోయేటప్పుడు చేత్తో పట్టుకుని మెల్లగా వేయాలి.

అసలు విషయం దీన్ని ఎందుకు పెట్టాం అన్నది. కుక్కను పాప దగ్గరికి రాకుండా ఆపడానికే గేటు అని మా అత్తయ్య కూడా అనుకున్నారు. మేం పెట్టింది పాప బ్రూనో దగ్గరికి పోకుండా. బ్రూనో పరుపు, నీళ్ల గిన్నె, అన్నం గిన్నె అన్నీ గేటు లోపలే. కుక్క తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టడం, పడుకున్నప్పుడు మీద పడటం, తోక పట్టుకోవడం... పాకే పిల్లలు చేసేవి ఇవే. ఎంత మంచి కుక్కకైనా ఓపికకి హద్దు ఉంటుంది. పిల్లల్ని కరిచేవి ఎక్కువగా వీధి కుక్కలేనని అనుకుంటాం గానీ, పసిపిల్లల విషయంలో చాలాసార్లు అది వాళ్లకు బాగా తెలిసిన కుక్కే అవుతుంది.

కుక్క సాధారణంగా ఉన్నట్టుండి కరవదు, ముందే చెబుతుంది. ముఖం పక్కకి తిప్పుకుంటుంది, తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగబడుతుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమందని దయచేసి కొట్టొద్దు, తిట్టొద్దు. ఆ హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకోవచ్చు. మా పాప తన చెవి పట్టుకుందంటే బ్రూనో ఒకసారి మూతి నాక్కుని, లేచి, గేటు దగ్గరికి వెళ్తాడు. మేం వెనకే వెళ్లి తలుపు తీస్తే, లోపలికి పోయి తన పరుపు మీద పడుకుంటాడు. వాడు బయటికి రావాలనుకుంటే ముక్కుతో కడ్డీని తడతాడు. వాడికి తప్పుకునే చోటు ఉందని తెలిశాక నాకు సగం టెన్షన్ పోయింది.

గేటు పాప పుట్టకముందే బిగించాం. మీరూ అలాగే చేయండి. బిడ్డ వచ్చిన రోజే గేటు కూడా వస్తే, తన చోటు పోయింది ఈ బిడ్డ వల్లే అన్నట్టు కుక్క మనసులో ముడిపడిపోతుంది. నిలువు కడ్డీలే ఉండాలన్నది కూడా నా పట్టుదల. అడ్డ కడ్డీలైతే పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు. గుడ్డ తెరలాంటివైతే బ్రూనోకి మేం సరిగా కనబడం, మూలుగుతూ కూర్చుంటాడు. ఇప్పుడు ఇద్దరూ కడ్డీల సందులోంచి ఒకరినొకరు చూసుకుంటూ ఆడుకుంటారు. పాప చాక్లెట్ గానీ కిస్‌మిస్ గానీ కింద పడేస్తే, అవి తీసేదాకా బ్రూనోని లోపల ఉంచడానికీ ఇదే పనికొస్తుంది. ఆ రెండూ కుక్కలకు విషం.

ఇబ్బందులూ ఉన్నాయి. కింద కడ్డీ కాలికి తగులుతుంది, చీకట్లో మరీను. అందుకే ఈ రకాన్ని మెట్ల పైచివర పెట్టకూడదు. అక్కడ గోడకు స్క్రూలతో బిగించేదే వాడాలి. బ్రూనో ల్యాబ్రడార్, ఒళ్లంతా ఆనించి పడుకుంటాడు, దాంతో మరలు వదులవుతాయి. అప్పుడప్పుడు గేటును ఊపి చూసి మళ్లీ బిగించుకోవాలి. ఎత్తు నడుము దాకా కూడా రాదు, పెద్ద కుక్క తలుచుకుంటే దూకేయగలదు. చాలా కంపెనీలు వీటిని 24 నెలల వయసు దాకానే వాడమంటాయి, పిల్లలు ఎక్కడం మొదలుపెడితే అంతకుముందే తీసేయాలి. గేటుకి ఒకే పక్కన ఇద్దరూ ఉంటే మాత్రం, మాలో ఒకరం చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండాల్సిందే.

నా లెక్కలో ఐదుకి నాలుగు. ఇదే గేటు కింద చిన్న తలుపున్న మోడల్‌లో కూడా దొరుకుతుంది, పిల్లులూ బుజ్జి కుక్కలూ దూరి వెళ్లడానికి. పాకే బిడ్డ ఉంటే అది కొనకండి, అందులోంచి బిడ్డ కూడా దూరిపోగలదు.