అత్తగారి అమ్మమ్మకి అమ్మమ్మ ఊరు వెతుక్కుంటూ: డండీ నుంచి క్లోన్స్ దాకా

మా ఆయనది స్కాట్లాండ్‌లోని డండీ. అత్తగారి అమ్మమ్మకి అమ్మమ్మ కరువు రోజుల్లో ఐర్లండ్ నుంచి వచ్చి అక్కడ జూట్ మిల్లులో చేరిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. అత్తగారికి ఇప్పుడు 74 ఏళ్ళు. "నేనుండగా ఆ ఊరు చూడాలి" అన్నారు. ఈ జూన్‌లో ఎనిమిది రోజులు పెట్టుకుని ముగ్గురం బయల్దేరాం.

ముందు డండీలోనే వర్డెంట్ వర్క్స్ చూశాం. 1833 నాటి మిల్లు, ఇప్పుడు మ్యూజియం. బెంగాల్ నుంచి వచ్చిన నారను మెత్తబరచడానికి తిమింగలం నూనె పట్టించేవారట. కూలి తక్కువని ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎక్కువగా పెట్టుకునేవారు. యంత్రాల హోరులో మాట వినపడక, పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవారు. మా తాతగారు చిట్టివలస జూట్ మిల్లులో పనిచేశారు. మా భీమిలి వైపు గోగునారకు వ్యాపారంలో 'బిమ్లి జూట్' అనే పేరు ఉండేది. అక్కడ నిలబడితే నాకు తాతగారి చొక్కా వాసన గుర్తొచ్చింది. డండీలో ఐరిష్ కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ లాకీ పేటను, ఐర్లండ్‌లోని టిప్పరరీ కౌంటీ పేరు మీద 'లిటిల్ టిప్పరరీ' అనేవారు. 1866లో కట్టిన కాక్స్ పొగగొట్టం అక్కడ ఇంకా నిలబడే ఉంది. డండీకి కనీసం ఒక పూర్తి రోజు ఇవ్వండి.

అసలు పని ఎడిన్‌బరోలో జరిగింది. ప్రిన్సెస్ స్ట్రీట్ చివర జనరల్ రిజిస్టర్ హౌస్‌లో, పాత జనన మరణ పత్రాలూ జనాభా లెక్కలూ చూసుకునే స్కాట్లాండ్స్‌పీపుల్ సెంటర్ ఉంది. రోజుకి 15 పౌండ్లు కట్టాం. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో పత్రానికి పౌండున్నర అవుతుంది, కాబట్టి పదికి మించి చూడాలనుకుంటే సెంటర్‌కి వెళ్ళడమే నయం. జనాభా లెక్కల్లో పుట్టిన చోటు అన్నచోట 'ఐర్లండ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అత్తగారి ముఖం వాడిపోయింది. అప్పుడు అక్కడి ఉద్యోగిని ఒకావిడ, "మీ ముత్తవ్వ పత్రం ఒక్కటే కాదు, ఆమె తోబుట్టువులవి కూడా తీయండి, ముఖ్యంగా 1855లో పుట్టినవాళ్ళు ఉంటే" అని చెప్పారు. స్కాట్లాండ్‌లో జనన మరణాల నమోదు 1855లో మొదలైంది. ఆ ఒక్క ఏడాది తల్లిదండ్రుల వయసు, వాళ్ళు పుట్టిన చోటు కూడా రాయించారు. ఐర్లండ్ నుంచి వచ్చినావిడ పెద్ద కొడుకు జనన పత్రం దొరికింది. తల్లి పుట్టిన చోటు: క్లోన్స్, కౌంటీ మోనహన్. కింద సంతకం లేదు, ఒక ఇంటూ గుర్తు. అత్తగారు ఆ గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

దీనికి ముందు ఒక వంశవృక్ష పరిశోధన సంస్థకి డబ్బు కట్టి నష్టపోయాం. వాళ్ళు పంపింది ఇంటిపేరు అర్థం, ఒక చిహ్నం బొమ్మ. ముందు మీరే వెతకండి.

కెయిర్న్‌రయాన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి ఓడలో కారుతో సహా వెళ్ళాం. రెండుంపావు గంటల ప్రయాణం, హాయిగా ఉంది. డండీ నుంచి రేవుకి మాత్రం కారులో సుమారు మూడున్నర గంటలు, కాబట్టి పెద్దవాళ్ళుంటే దారిలో ఒక రాత్రి ఆగండి. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్ నుంచి ఐర్లండ్ రిపబ్లిక్‌లోని మోనహన్‌కి దాటేటప్పుడు రోడ్డు మీద చెక్‌పోస్టు ఉండదు. అయినా ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న నాకు ఐర్లండ్ వీసా విడిగా కావాలి. ఆ టెన్షన్ ముందే వదిలించుకున్నాను.

బెల్‌ఫాస్ట్ టైటానిక్ క్వార్టర్‌లో ఉన్న ప్రోని అనే ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వ రికార్డుల ఆఫీసులో రుసుము లేదు, ఫొటో గుర్తింపు కార్డు ఉంటే చాలు. శని, ఆదివారాలు సెలవు. గ్రిఫిత్ వాల్యుయేషన్ అని 1847–1864 మధ్య వేసిన లెక్క ఒకటి ఉంది. మన అడంగల్ లాంటిది: ఎవరి చేతిలో ఎంత భూమి, దాని విలువ ఎంత అన్నీ ఉంటాయి. దీన్ని ఇంట్లో కూర్చుని ఉచితంగా కూడా చూడొచ్చు. 1922లో డబ్లిన్ రికార్డుల ఆఫీసు తగలబడి పాత జనాభా లెక్కలు చాలావరకు పోయాయి, అందుకే దీనికింత విలువ. క్లోన్స్ చుట్టుపక్కల ఆవిడ ఇంటిపేరు ఒకే ఒక టౌన్‌ల్యాండ్‌లో కనిపించింది. అంటే మన రెవెన్యూ గ్రామం లాంటిదే, బాగా చిన్నది.

క్లోన్స్‌లో మేం దిగిన చిన్న బసలో రాత్రి హీటర్ పనిచేయలేదు, అత్తగారికి మూడు దుప్పట్లు కప్పాం. టిఫిను మాత్రం కడుపునిండా పెట్టారు. ఊరి నడుమ రాతి శిలువ, పాత గుండ్రటి బురుజు గంటలో చూసేయొచ్చు. కరువు కాలంలో ఆడవాళ్ళకు కూడు పెట్టిన క్లోన్స్ లేసు అల్లికల దగ్గర ఇంకాస్త ఆగండి.

మేమెందుకొచ్చామో విని బస యజమానురాలు ఎవరికో ఫోన్ చేసింది. అరగంటలో ఎనభై దాటిన పెద్దాయన వచ్చి మా కారెక్కాడు. తీసుకెళ్ళిన చోట ఇళ్ళు లేవు. పచ్చిక, ఆవులు, ఒక రాతి గోడ ముక్క. అది ఆవిడ ఇల్లేనని చెప్పడానికి ఆధారం లేదు, ఆ శివారు మాత్రం అదే. అత్తగారు కాగితం చూసి ఊరి పేరు పైకి చదివారు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, అలా కాదమ్మా అని పలికి చూపించాడు. ఆవిడ రెండుసార్లు తప్పు పలికారు. మూడోసారి ఆయన తలూపాడు.