ఆరేళ్లుగా వాడుతున్న వెన్న పఫ్ పేస్ట్రీ చుట్ట

తులూజ్ వచ్చి ఆరేళ్లయింది. మా ఫ్రిజ్‌లో పెరుగు నిండుకున్న రోజులున్నాయి గానీ, పఫ్ పేస్ట్రీ చుట్ట లేని వారం దాదాపు లేదు. ఫ్రాన్స్‌లో ఏ సూపర్ మార్కెట్లో అయినా దొరుకుతుంది. గుండ్రంగా, పలచగా ఒత్తి, బేకింగ్ కాగితంతో సహా చుట్టేసి అమ్ముతారు. ఎలా విప్పాలి, ఓవెన్ ఎంత వేడి పెట్టాలి లాంటివి అట్ట మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గోలంతా ఆ అట్ట మీద ఉండే రెండు మాటల గురించి: ప్యూర్ బర్. అంటే అందులో వాడిన కొవ్వు మొత్తం వెన్నే అని.

మొదటి ఏడాదిన్నర నేను కొన్నది నూనెల కొవ్వుతో చేసిన చవక రకం. అబద్ధం ఎందుకు, బాగానే పొంగేది. కానీ తిన్న చాలాసేపటి వరకు అంగిటికి జిడ్డు పూసినట్టుండేది. డాల్డా మిఠాయి తిన్నాక ఉంటుందే, అలా. ఒకరోజు చవకది అయిపోయిందని గొణుక్కుంటూ వెన్నది తెచ్చాను. ఆపిల్ ముక్కలు పలచగా తరిగి పరిచి, రెండు చెంచాల పంచదార చల్లి ఓవెన్లో పెట్టాను. కాసేపటికి వంటింట్లో నెయ్యి కాస్తున్న వాసన! అమ్మ వెన్న కాచేటప్పుడు గిన్నె అడుగున గసి ఎర్రబడే క్షణం ఉంటుంది చూడండి, సరిగ్గా అదే. ఆ రోజు నుంచి మూడేళ్లపాటు కనిపించిన ప్రతివాళ్లకీ వెన్నదే కొనమని చెప్పి విసిగించాను.

తర్వాత ఆ జనవరి వచ్చింది.

జనవరి 6 ఎపిఫనీ అనే క్రైస్తవ పండగ. గలెట్ దే రువా, అంటే రాజుల కేకు, కోస్తారు. మేముండే దక్షిణాదిలో పాత అలవాటు పళ్ల ముక్కలు అద్దిన కిరీటంలాంటి బ్రియోష్, అంటే వెన్న, గుడ్లు వేసి చేసే మెత్తటి తీపి రొట్టె. రెండు పఫ్ పొరల మధ్య బాదం ముద్ద పెట్టి చేసే గలెట్ ఉత్తరాది రకం. ఇప్పుడు ఇక్కడా రెండూ తింటారు. లోపల ఫెవ్ అని చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు బల్ల కిందికి దూరి ఏ ముక్క ఎవరికో చెబుతారు. బొమ్మ ఎవరికొస్తే వాళ్లకి కాగితం కిరీటం.

మా ఆయన ఆఫీసు నుంచి రెండు కుటుంబాల్ని భోజనానికి పిలిచాం. బాదం పొడి, వెన్న, పంచదార తలా 100 గ్రాములు, రెండు గుడ్లు కలిపి ముద్ద చేసుకున్నాను. ఓ పక్క పులిహోర పోపు, ఓ పక్క ఓవెన్ వేడెక్కుతోంది, హీటర్ సరేసరి. రెండు చుట్టలూ విప్పి ఆ ఓవెన్ పక్క గట్టు మీదే పెట్టి, అమ్మ ఫోన్ చేస్తే ముప్పావుగంట మాట్లాడాను. తిరిగొచ్చేసరికి పిండి తడిబట్టలా జారుతోంది. ఎలాగో లాగి, ముద్ద అంచుల దాకా పరిచి, బొమ్మ గుచ్చి, పైన రెండోది కప్పి, గుడ్డు సొన పక్కలకి కూడా కారేలా ధారాళంగా పూశాను. అందంగా ఉండాలని గీతలు కూడా గీశాను.

ఇరవై నిమిషాలకి వంటిల్లంతా పొగ. కరిగిన వెన్న ట్రే దాటి ఓవెన్ అడుగున పడి మాడుతోంది. పొగ అలారం మోగింది. తలుపు తీస్తే గలెట్ ఒక పక్క అప్పడంలా అణిగిపోయి ఉంది, రెండో పక్క పగిలి బాదం ముద్ద బయటికి వచ్చేసింది. దాని మీద బొమ్మ దర్జాగా కూర్చుంది. మా చిన్నది బల్ల కిందికి దూరాల్సిన పనే లేకుండా, "అమ్మా, బొమ్మ బయటికొచ్చేసింది!" అని అందరికీ వినిపించేలా అరిచింది. వచ్చినవాళ్లు మర్యాదగా తిన్నారు. కిరీటం ఎవరికివ్వాలో తెలియక పులిహోర గిన్నెకి పెట్టాం.

అలారం విని వచ్చిన ఎదురింటి పెద్దావిడ ముక్క విరిచి చూసి, తప్పులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. పొరలు లేచేది వెన్నలోని నీరు, పిండిలోని నీరు ఓవెన్లో ఒక్కసారిగా ఆవిరైనప్పుడు. వెన్న ముందే కరిగితే పొరలు కలిసిపోయి పరోటా అవుతుంది (ఆవిడ పరోటా అనలేదు, అది నా మాట). అంచు పక్కకి సొన కారితే జిగురులా పట్టేసి ఆ వైపు లేవనివ్వదు. ముద్ద చుట్టూ మూడు సెంటీమీటర్లు వదిలి, ఆ అంచుని నీళ్లతో తడిపి అతికించాలి. నడిమధ్య కత్తి మొనతో ఆవిరికి చిన్న చిల్లు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, కూర్చిన గలెట్‌ని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తీశాక తిరగేసి, నున్నగా ఉన్న అడుగుభాగం మీద సొన పూయాలి. మరుసటి ఏడాది అలాగే చేస్తే తాపేశ్వరం కాజా విప్పినట్టు పొర పొరా విడివడింది.

కాబట్టి వెన్నదే కొనమని ఇప్పుడు ఎవరికీ గట్టిగా చెప్పను. ఏసీ లేని మా ఇంట్లో జులై, ఆగస్టుల్లో అది విప్పేలోపే కాగితానికి అతుక్కుంటోంది. వేసవిలో మా ఇంట్లో ఎక్కువగా అయ్యేది టమాటా టార్ట్: అడుగున డిజోన్ ఆవపచ్చడి, మీద ఉప్పు చల్లి నీరు ఓడ్చిన టమాటా ముక్కలు. ఆవఘాటు ముందు వెన్న వాసన ఎటూ తెలియదు. ఎగ్ పఫ్‌కి కూడా అంతే. ఉల్లిపాయ, గరం మసాలా పడ్డాక ఏ కొవ్వయినా ఒకటే. పైగా మన బేకరీ పఫ్‌ల రుచి అలవాటైన మా ఆయనకి చవక రకంతో చేసినవే "అసలైనవి". వోలోవాన్‌కి (లోపల కూర నింపే ఎత్తైన పఫ్ గిన్నె) మాత్రం ఈ చుట్టలు ఏ రకమైనా చాలవు, మరీ పలచన. రెండు పొరలు అతికించి చూశాను, ఒక పక్కకి ఒరిగాయి.

ఆపిల్ టార్ట్, గలెట్, పంచదార పొర్లించి చుట్టి కోసే పాల్మియే బిస్కెట్లు, వీటికి నాకు వెన్నదే కావాలి. అదీ చలికాలంలో, ఫోన్ పక్కగదిలో పెట్టాక. పెద్ద కుటుంబమై వారానికి నాలుగు చుట్టలు అయ్యేట్టయితే ధర కూడా ఆలోచించాల్సిందే. మేం నలుగురం, ఒకటి రెండుతో సరిపోతుంది.

ఈ శనివారానికి రెండు చుట్టలు తెచ్చాను. ఒకటి వెన్నది, ఆపిల్ టార్ట్‌కి. రెండోది ఎగ్ పఫ్‌కి, అట్ట ఎదురింటావిడ కంట పడకుండా సంచి అడుగున పెట్టి తెచ్చాను.