పిల్లల చెమట వాసన: సబ్బు మేలా, డియోడరెంట్ మేలా, చెమటను ఆపే మందు మేలా?

ఉతికి ఆరేసిన చొక్కానే. ముక్కు దగ్గర పెట్టుకుని చూసినా సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఇస్త్రీ పెట్టె చంక దగ్గరి కుట్టు మీదికి రాగానే గుప్పుమని లేచింది. పెద్దవాళ్ల చెమట వాసన. మా అబ్బాయికి అప్పుడు పదో ఏడు నడుస్తోంది. వాడింకా పసివాడే అనుకుంటున్న నేను ఇస్త్రీ ఆపేసి కాసేపు అలాగే నిలబడిపోయాను.

చెమట గ్రంథులు రెండు రకాలు. ఒళ్లంతా ఉండి, ఒంటిని చల్లబరిచేవి చిన్నప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటాయి. వాటి చెమటలో ఉండేది చాలావరకు నీళ్లూ, ఉప్పూ. రెండో రకం ఎపోక్రైన్ గ్రంథులు. ఇవి చంకల్లో, గజ్జల్లో ఉండి, ఎదిగే వయసులో హార్మోన్లు వచ్చాకే పని మొదలుపెడతాయి. వీటి చెమటలో కొవ్వులు, ప్రోటీన్లు ఉంటాయి. నిజానికి ఆ చెమటకీ వాసన లేదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని తిని మిగిల్చేదానికే ఆ కంపు. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు 6 నుంచి 8 ఏళ్ల వయసులోనే కొన్ని హార్మోన్లు వదలడం మొదలుపెడతాయి కాబట్టి, మిగతా మార్పులేవీ కనపడకముందే కొందరు పిల్లల్లో వాసన వస్తుంది. అది ఒక్కటే అయితే సాధారణంగా కంగారు పడాల్సిన పని లేదు. కానీ ఆడపిల్లకు 8 ఏళ్లలోపే, మగపిల్లాడికి 9 ఏళ్లలోపే రొమ్ములు రావడం, వెంట్రుకలు మొలవడం, ఉన్నట్టుండి పొడుగైపోవడం లాంటివి కూడా కనిపిస్తే పిల్లల డాక్టర్‌కి చూపించాలి.

వాసన పుట్టేది ఇలా కాబట్టి దాన్ని తగ్గించే దారులు మూడే. బ్యాక్టీరియాను కడిగేయడం సబ్బు పని. దాన్ని పెరగనివ్వకుండా చేసి, పైన కాస్త సువాసన కప్పడం డియోడరెంట్ పని. చెమటనే తగ్గించడం యాంటీపెర్స్పిరెంట్ పని. నా ఓటు మొదట సబ్బుకే, కాకపోతే పిల్లలు సబ్బు వాడే తీరు మారాలి.

మా వాడు రోజూ స్నానం చేసేవాడు. అయినా వాసన పోయేది కాదు. ఒకరోజు "చొక్కా విప్పి, స్నానం ఎలా చేస్తావో ఉత్తినే చేసి చూపించు నాన్నా" అన్నాను. మగ్గుతో నీళ్లు పోసుకుంటున్నట్టు చూపించాడు, ఛాతీ మీద, పొట్ట మీద చెయ్యి తిప్పాడు, అయిపోయిందన్నాడు. చేతులు ఒక్కసారి కూడా పైకి లేవలేదు! చిన్నప్పుడు మనం పోసిన స్నానం వాళ్లకు అలాగే గుర్తుండిపోతుంది. అప్పుడు చంకలతో పని లేదు మరి. చెయ్యి పైకెత్తి, అరచేతిలో నురగ తీసుకుని, మనసులో 20 దాకా లెక్కపెడుతూ రుద్ది, జిగురు పోయేదాకా కడగమన్నాను. గజ్జలు, పాదాల వేళ్ల సందులు కూడా అంతే. ఆ తర్వాత తువ్వాలుతో చంకలు పొడిగా తుడుచుకోవాలి. సగం మంది పిల్లలు ఇదే వదిలేస్తారు, తడి ఆరకముందే చొక్కా తొడిగేస్తారు. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో చాలావరకు తేడా వచ్చింది.

సబ్బు మామూలుదే చాలు. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలున్న యాంటీ బ్యాక్టీరియల్ సబ్బులను ఇళ్లకు అమ్మకూడదంది. మామూలు సబ్బూ నీళ్లకంటే అవి మెరుగని కంపెనీలు చూపించలేకపోవడం దానికి ఒక కారణం.

పొద్దున స్నానమా, సాయంత్రమా? ఆడుకుని వచ్చే పిల్లలైతే సాయంత్రం తలుపు వేసుకుని నిదానంగా చేసే స్నానమే మేలు. పొద్దున హడావిడిలో చంకలు మాత్రం సబ్బుతో కడుక్కుని, ఉతికిన బనియన్ వేసుకుంటే సరిపోతుంది.

ఇక సీసాల సంగతి. షాపులో డియోడరెంట్, యాంటీపెర్స్పిరెంట్ ఒకే వరసలో ఉంటాయి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. డియోడరెంట్ చెమటను ఆపదు. చొక్కా తడుస్తుంది కానీ వాసన తగ్గుతుంది. యాంటీపెర్స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలు ఉంటాయి. అవి చెమట రంధ్రాల్లో జెల్‌లా గట్టిపడి వాటిని కొంతకాలం మూస్తాయి, ఆ తర్వాత వాటంతటవే ఊడిపోతాయి. దాన్ని రాత్రి పడుకునే ముందు, పొడి చర్మం మీద రాస్తేనే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు చెమట తక్కువ. పొద్దున స్నానం చేసి తడి చంకకు రాసుకుని "ఇది పనిచెయ్యట్లేదు" అనేవాళ్లే ఎక్కువ.

తొమ్మిది, పది, పదకొండేళ్ల పిల్లలకు నేనైతే డియోడరెంటే అంటాను, అదీ శుభ్రంగా కడుక్కున్నాక కూడా వాసన మిగిలితేనే. ఘాటైన సెంటు లేనిది చూసుకోండి, లేత చర్మం త్వరగా మండుతుంది. యాంటీపెర్స్పిరెంట్ అవసరమయ్యే పిల్లలు వేరే ఉంటారు. చంకల కింద తడి మచ్చ కనపడుతుందని క్లాసులో చెయ్యెత్తడం మానేసినవాళ్లు, ఎండాకాలంలో కూడా పైన జాకెట్ విప్పనివాళ్లు. వాళ్లకు వాసన కంటే ఆ తడితోనే టెన్షన్. అలాంటి బిడ్డకు వద్దనకండి. దీనివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న మాట చాలాకాలంగా తిరుగుతోంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, రెండింటికీ స్పష్టమైన సంబంధం కనపడలేదనే చెబుతోంది. కిడ్నీ జబ్బు ఉన్న పిల్లలకు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు.

'సహజమైనది' కావాలని పటిక రాసేవాళ్లున్నారు. పటిక కూడా అల్యూమినియం లవణమే, ఆ పదార్థం వద్దనుకుని ఇది ఎంచుకోవడంలో అర్థం లేదు. వంటసోడా కొందరి చర్మానికి పడదు, ఎర్రగా కందిపోవచ్చు. నిమ్మరసం అసలే వద్దు, రాసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలు వచ్చే ప్రమాదం ఉంది.

స్ప్రేనా, రోల్ ఆనా అంటే మాత్రం నాకు రెండో ఆలోచన లేదు, రోల్ ఆన్ లేదా స్టిక్. తలుపులు మూసిన బాత్రూంలో పిల్లలు ఒళ్లంతా పొగలా కొట్టుకుంటారు. ఆ డబ్బాల్లో బ్యూటేన్ లాంటి గ్యాసులు ఉంటాయి. సరదాకి కావాలని పీల్చిన పిల్లలకు గుండె ఆగిపోయి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. మరీ దగ్గరగా కొడితే చలికి చర్మం కాలుతుంది కూడా.

బట్టల దగ్గర చాలామంది పొరబడతారు. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంవాళ్లు 26 మందితో వ్యాయామం చేయించి, వాళ్ల టీషర్టులను మర్నాడు వాసన చూపించారు. కాటన్ కంటే పాలిస్టర్‌వే ఎక్కువ కంపు కొట్టాయి. కాబట్టి లోపలి బనియన్ కాటన్‌ది అయితే మేలు. ఆటల జెర్సీ పాలిస్టర్‌దే అయితే విప్పగానే ఆరేయాలి, ఉండ చుట్టి బ్యాగులో రేపటిదాకా ఉంచకూడదు. మా ఇంట్లో ఇస్త్రీలో లేచిన ఆ వాసన, చొక్కాను తిరగేసి చంక భాగానికి విడిగా సబ్బు రుద్ది, ఓ అరగంట నానబెట్టి ఉతికాకే పోయింది.

ఈ మాట పిల్లలకు చెప్పడమెలా? నేను మొదట చెప్పలేదు. రోల్ ఆన్ తెచ్చి అద్దం దగ్గర ఊరికే పెట్టాను, వాడికే అర్థమవుతుందిలే అని. వారం తర్వాత చూస్తే చొక్కా మీద రాసుకుంటున్నాడు. అప్పుడు ఇద్దరమే ఉన్నప్పుడు కూర్చోబెట్టాను. "నీ ఒళ్లు ఎదుగుతోంది నాన్నా, అందుకే చంకల్లో చెమట మారింది. నాకూ నీ వయసులోనే మొదలైంది." వాడు వెంటనే, "ఎవరైనా ఏమన్నా అన్నారా అమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నలోని భయం నేను మర్చిపోలేను. ఎవరూ అనలేదు, అనకముందే మనం చూసుకుంటున్నామన్నాను. మన వాసన మన ముక్కుకు అలవాటైపోతుంది, పిల్లలకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చుట్టాల ముందో, తోబుట్టువుల ముందో "ఛీ, కంపు" అనడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు.

ఆడపిల్లలకు ఇంకో మాట చెప్పాలి. జననాంగం లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. సబ్బు, సెంటు వాష్‌లు లోపలికి వద్దు, బయట నీళ్లతో కడుక్కుంటే చాలు.

ఎంత కడిగినా చేపల వాసన వదలకపోయినా, ఒంటి వాసన ఉన్నట్టుండి పూర్తిగా మారినా డాక్టర్‌కి చూపించండి. ఊపిరి పండిన పండులా వాసన వస్తూ, బిడ్డకు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగర్ కావచ్చు, అప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు.

మా అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో ఏడు. ఇంకా వాసన ఏమీ లేదు. అయినా చేతులెత్తి 20 దాకా లెక్కపెట్టడం దానికి నిరుటి నుంచే అలవాటు చేశాను.