సోంపేట పెరట్లో ఏది మేలు: క్విన్సా, మారేడా, వెలగా, జామా?

మా బావగారు పట్టాళంలో పనిచేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటివాళ్ళు లేని ఊరు అరుదు. ఆయన కశ్మీరులో ఉన్న రోజుల్లో ఒక ఇంట్లో చూసిన పండును ఇప్పటికీ మర్చిపోలేదు. అక్టోబరు నెల, చలి అప్పుడే మొదలైంది. గుమ్మం పక్కన బుట్టలో పసుపుపచ్చని కాయలు, పైన బూడిదరంగు నూగు. ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చిందట. చూడ్డానికి ఆపిల్‌లా, బేరిపండులా ఉంటుంది గానీ కొరికితే పన్ను దిగదు, దిగినా నాలుక ముడుచుకుపోయేంత వగరు. దాన్నే వంకాయతో కలిపి కూర వండి పెట్టారట. అక్కడివాళ్ళు 'బమ్ చూంఠ్' అంటారు, చూంఠ్ అంటే ఆపిల్. హిందీలో బిహీ, ఇంగ్లీషులో క్విన్స్. యునానీ మందుల్లో దగ్గుకు వాడే బిహిదానా ఈ పండు గింజలే.

అప్పవాళ్ళ (మా అక్కా బావల) ఇల్లు శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు, ఆ చుట్టుపక్కల తోటల సీమ ఉద్దానమంతా కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన సంగతి అందరికీ తెలుసు. వాళ్ళ పెరట్లోనూ రెండు కొబ్బరి చెట్లు, ఒక పనస పోయాయి. ఆ జాగా అలాగే ఉండిపోయింది. ఈమధ్య బావగారు ఫోన్ చేసి, "అక్కడ క్విన్స్ వేద్దామనుకుంటున్నానమ్మా, ఎలా పెంచాలో చెప్పు" అన్నారు. ఫోన్లో ఒక్క మాటతో తేలే విషయం కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా క్విన్స్ సంగతే చూద్దాం. ఇది ఆపిల్, బేరి, గులాబీల కుటుంబంలోది. పదిహేను, ఇరవై అడుగులకు మించని చిన్న చెట్టు. ఒక్కటి వేసినా చాలు, తన పుప్పొడితో తానే కాస్తుంది. ఇక్కడివరకూ వింటే మన పెరళ్ళ కోసమే పుట్టిందనిపిస్తుంది. చిక్కంతా చలితో వస్తుంది. ఈ కుటుంబం చెట్లు శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్ర చలివల్లే తీరుతుంది. ఏడు డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగిలితేనే, వసంతంలో మొగ్గలు కలిసికట్టుగా విచ్చుకుంటాయి. మంచి ఆపిల్ రకాలకు వెయ్యి గంటల దాకా కావాలి. క్విన్స్‌కు అందులో సగమో, ఇంకా తక్కువో చాలు. కానీ మనకు ఆ తక్కువ కూడా లేదు. కళింగపట్నం, సోంపేట లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో పుష్యమాసపు రాత్రి పదిహేను డిగ్రీలకు దిగితేనే కంబళ్ళు తీస్తాం. చెట్టుకు అది చలి కిందే లెక్క కాదు.

ఇది నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించి విజయనగరంలో మా ఇంట్లో పెట్టాను. 'ఎక్కడైనా కాస్తుంది' అని రాసి ఉంది, నమ్మాను. జనవరిలో పుల్లలా వచ్చింది, ఫిబ్రవరిలో ఆకులు తొడిగింది. ఎంత ముద్దుగా ఉన్నాయో, ఆకు కింద తెల్లని నూగుతో. ఏప్రిల్ ఎండకు అంచులు మాడాయి. పైన నీడవల కట్టాను. శ్రావణంలో ముసురు పట్టాక ఆకుల నిండా మచ్చలు, పసుపెక్కి రాలిపోయాయి. మళ్ళీ చిగిర్చింది, మళ్ళీ రాల్చింది. రెండేళ్ళలో ఒక్క పువ్వు లేదు. మూడో వేసవిలో ఎండిపోయింది. దాన్ని పీకిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇంకొకరికి ఆ బాధ వద్దు.

అయితే కశ్మీరులోనో, హిమాచల్ కొండల్లోనో ఉద్యోగం చేస్తూ ఇంటి ముందు కాస్త నేల ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా వేయండి. ఎండ బాగా తగిలే చోటు కావాలి, వేళ్ళ దగ్గర తేమ ఉండాలి. కొమ్మలు ఆకు రాల్చి ఉన్న శీతాకాలంలోనే కత్తిరించాలి. పువ్వు ఆ ఏడాది వచ్చిన కొత్త చిగురు చివర పూస్తుంది, కాబట్టి చివర్లన్నీ గొరిగినట్టు కొయ్యకూడదు. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేస్తే చాలు. కాయ పచ్చరంగు పోయి పసుపెక్కి వాసన వేసినప్పుడు కోసి, చల్లని గదిలో కొన్ని వారాలు ఉంచవచ్చు. ఆపిల్స్ పక్కన పెట్టకండి, ఆ వాసన వాటికి పట్టేస్తుంది. పంచదార వేసి సన్నని సెగ మీద చాలాసేపు ఉడికిస్తే తెల్లని కండ ఎర్రగా మారుతుంది. పెక్టిన్ బాగా ఉంటుంది కాబట్టి జెల్లీ దానంతట అదే గడ్డకడుతుంది.

బావగారికి కావలసినవి నాకు తెలిసి మూడు. ఇల్లు నిండే వాసన, పచ్చిగా తినలేని కాయను వండుకుని తినే ముచ్చట, పెద్దగా చాకిరీ అడగని చెట్టు. ఆ మూడూ మన నేలలో దొరుకుతాయి.

మారేడు శాస్త్రీయనామం ఈగిల్ మార్మెలోస్. పోర్చుగీసు భాషలో 'మార్మెలో' అంటే క్విన్స్ పండు, మార్మలేడ్ (పండ్ల జామ్) అన్న మాట పుట్టింది కూడా అక్కడినుంచే. మన మారేడును చూసిన పాశ్చాత్యులకు క్విన్సే గుర్తొచ్చింది, ఇంగ్లీషులో దీన్ని 'బెంగాల్ క్విన్స్' అని కూడా పిలిచారు. చుట్టరికం చూస్తే మారేడు నిమ్మ, నారింజల కుటుంబానిది, క్విన్స్‌తో ఏ సంబంధమూ లేదు. కానీ పోలిక నిజం. పండిన మారేడును గదిలో పెడితే వాసన ఇల్లంతా నిండుతుంది. బిహిదానా నీళ్ళలో నానబెడితే ఎలా జిగురు కడుతుందో, మారేడు గింజ చుట్టూ అలాంటి జిగటే ఉంటుంది. దోరకాయలో వగరు, పెక్టిన్ రెండూ ఉంటాయి కాబట్టి మురబ్బాకు బాగుంటుంది. పండితే షర్బత్. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళలో ఏప్రిల్ మధ్యలో వచ్చే పణా సంక్రాంతికి మారేడు గుజ్జు, బెల్లం, పాలు, కొబ్బరి, మిరియాలు కలిపి 'బేల పణా' చేస్తారు. ఒక్క గ్లాసు తాగితే ఆ ఎండలో ప్రాణం లేచొస్తుంది. బావగారి ఇంటికి ఆ ఇళ్ళు ఎంతో దూరంలో లేవు.

నలభై ఏడు, నలభై ఎనిమిది డిగ్రీల ఎండనూ తట్టుకుంటుంది, చౌడు నేలనూ ఓర్చుకుంటుంది, ఇసుక పాలు ఎక్కువున్న ఉద్దానం నేలలో ఇబ్బంది పడదు. వేరు లోతుగా దిగుతుంది. తుపాను గాలికి ఏ చెట్టైనా పడవచ్చు, కానీ కొబ్బరిలా తలబరువుతో ఊగే చెట్టు కాదిది. గింజ మొక్క కాయడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అంటుమొక్క అయితే నాలుగైదేళ్ళు. గుజరాత్‌లోని గోధ్రా పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గోమా యశి రకానికి ముళ్ళు దాదాపు ఉండవు, చెట్టు పొట్టిగా ఉంటుంది. పిల్లలు తిరిగే పెరడుకు నేను దాన్నే చెబుతాను. పంత్‌నగర్ నుంచి వచ్చిన పంత్ అపర్ణ, పంత్ శివాని కూడా మంచి రకాలే.

మారేడు పెంచేవాళ్ళు భయపడిపోయే సంగతి ఒకటి చెప్పాలి. వేసవి మొదట్లో చెట్టు ఆకంతా రాల్చేస్తుంది. చచ్చిపోయిందని కొట్టేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కొట్టకండి, కంగారుపడి రోజూ బిందెలతో నీళ్ళూ పొయ్యకండి. కొన్ని వారాల్లో చిగురొస్తుంది, వెనకే పూత. ఆ పూత కాయై పండడానికి దాదాపు పది, పదకొండు నెలలు పడుతుంది. లేత ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు. చిన్న చెట్టు మీద చేత్తో ఏరేయొచ్చు, మందు అక్కర్లేదు. పండే రోజుల్లో చాలాకాలం ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్ళు పెడితే కాయ పగులుతుంది. కాయను రాలేదాకా ఉంచకుండా, పచ్చదనం తగ్గి పసుపు తిరిగాక కొంచెం తొడిమతో కోయాలి. కిలో పైన తూగే కాయ, పెంకు రాయిలాంటిది. కాబట్టి రేకుల షెడ్డు మీదికో, బండి పెట్టే చోటికో కొమ్మ రాకుండా చూసుకోవాలి.

ఇంకోటి. కార్తీక సోమవారాలు వస్తే తెల్లవారక ముందే దళాల కోసం గుమ్మంలో మనుషులుంటారు. శ్రీముఖలింగం శివాలయం ఉన్న జిల్లాలో కాదనలేం, కాదనకూడదు కూడా. అయితే మొదటి రెండు మూడేళ్ళు మొక్కను దూసిపారేస్తే ఎదగదు. అలా దూసేయడం వల్ల గిడసబారిన మొక్కలు చూశాను. కొమ్మకు నాలుగు దళాలే ఇస్తామని అప్ప ముందే చెప్పాలి.

వెలగ కూడా క్విన్స్‌కు చాలా దగ్గర. గట్టి పెంకు, ఘాటైన వాసన, పులుపు, వగరు. మారేడుకు వరసకు చెల్లెలు, అదే నిమ్మ కుటుంబం. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే వెలక్కాయ ఇంట్లో కాసిందైతే ఆ తృప్తే వేరు. వెలక్కాయ పచ్చడిలో బెల్లం ముక్క వేసి వేడన్నంలో కలుపుకుంటే, నా నోటికి క్విన్స్ జెల్లీకంటే అదే మిన్న. పండిందో లేదో తెలియాలంటే అడుగెత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. బంతిలా ఎగిరితే కచ్చికాయ, దబ్బున పడి అక్కడే ఉంటే పండు. కానీ గింజ నాటితే కాయడానికి పది, పదిహేనేళ్ళు పడుతుంది. చెట్టు ముప్పై అడుగులకు పెరుగుతుంది, నిండా ముళ్ళు. బావగారికి అరవై రెండు. ఆయనకు గింజ మొక్క చెప్పే మనసు నాకు లేదు. పొలం గట్టు ఉంటే మనవల పేరున అక్కడ వేయండి, పెరట్లో వద్దు.

జామ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిన చెట్టే. రెండు మూడేళ్ళలో కాపు. అయినా దీన్ని ఈ పోలికలోకి తేవడానికి కారణముంది. పోర్చుగీసువాళ్ళు తమ దేశంలో క్విన్స్ గుజ్జును పంచదారతో దగ్గరగా ఉడికించి ముక్కలుగా కోసుకునే మిఠాయి చేస్తారు. గోవాలో అదే తీరున జామపండ్లతో చేసే ముద్దను 'పెరాడ్' అంటారు, క్రిస్మస్‌కు తప్పకుండా ఉంటుంది. క్విన్స్ కాపు రాని వేడి నేలలో దాని పని జామ చేస్తోందన్నమాట. జామలోనూ పెక్టిన్ దండిగా ఉంటుంది, జెల్లీ చక్కగా కుదురుతుంది. లక్నో-49 రకం పండ్లతో నేనే చేశాను. వానాకాలం కాపులో పురుగు పడుతుంది, వేసవి చివర కొమ్మలు కత్తిరించి శీతాకాలం కాపు తీసుకుంటే పండు గట్టిగా, తియ్యగా ఉంటుంది. లోపమల్లా వేర్లు పైపైనే ఉండటం. తుపాను దారిలో ఉన్న ఊళ్ళో ఏటా కత్తిరించి తల ఎత్తు దాటనీయకుండా ఉంచాలి. చాకిరీ ఎక్కువే.

నాలాగా టౌనులో రెండు గోడల మధ్య ఆరడుగుల జాగా ఉన్నవాళ్ళకు జామ మేలు. సోంపేట పెరడుకు మాత్రం నా ఓటు మారేడుకే. జామను పక్కన ఇంకో చోట వేసుకోవచ్చు, కానీ పనస పడిన జాగా మారేడుదే. బావగారు కశ్మీరు గుమ్మంలో పీల్చిన వాసన అచ్చంగా అది కాదు. పండిన మారేడు రెండు బుట్టలో వేసి గుమ్మం పక్కన పెడితే, వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూనే ఏమిటీ వాసన అని అడుగుతారు. అది నేను చూశాను.

బావగారూ, మే నెలలోనే రెండున్నర, మూడడుగుల గొయ్యి తీయించి ఎండనివ్వండి. పాత పనస వేళ్ళు ఏమైనా ఉంటే పూర్తిగా ఏరేయండి, కుళ్ళితే చెదలు చేరతాయి. పైమట్టి, రెండు మూడు తట్టల మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, తొలకరి పడి నేల తడిశాక నాటండి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు, జానెడు పైనుండాలి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్ళు ఎంత ఏపుగా ఉన్నా తుంచేయండి, అవి గింజ మొక్కవి. అక్టోబరు గాలులకు ముందే వెదురు కర్ర పాతి మెత్తని గుడ్డతో కట్టండి, కాండానికి కోసుకుపోయే తాడు వద్దు. మొదటి రెండు వేసవులు వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళు పెట్టి, మొదలు చుట్టూ ఎండాకు పరిస్తే సరిపోతుంది. జులైలో నేనొచ్చేటప్పుడు అంటుమొక్క తెస్తాను, అప్పను గొయ్యి చుట్టూ మేకలు రాకుండా కంచె వేయించమనండి.