రేసులో మోసానికి శిక్ష: ముందే రాసిపెట్టాలా, విచారించి వేయాలా?

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో కార్ల రేసు చూసి తిరిగొచ్చేటప్పుడు మన తెలుగువాళ్ల మధ్య ఎప్పుడూ ఇదే పంచాయితీ: ఫలానా తప్పుకు ఫలానా శిక్ష అని ముందే రాసిపెట్టాలా, లేక ప్రతి కేసునూ విచారించి శిక్ష తేల్చాలా?

ఖర్చు: రాసిపెట్టిన శిక్షకు తూకం, కొలత పరికరాలు చాలు. విచారణకైతే లాయర్లు, డేటా నిపుణులు, బోలెడంత సమయం.

న్యాయం: 2024 బెల్జియం గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ రేసులో గెలిచిన డ్రైవర్ జార్జ్ రసెల్ కారు ఉండాల్సిన కనీస బరువు కన్నా 1.5 కిలోలు తక్కువ తూగింది. ఉద్దేశంతో పని లేకుండా గెలుపు పోయింది. కఠినమే, కానీ ఆఖరున వచ్చినవాడికీ అదే లెక్క. విచారణలో ఆ భరోసా లేదు. 2007లో ఫెరారీ జట్టు రహస్యాల గూఢచర్యం కేసులో మెక్‌లారెన్ జట్టుకు 10 కోట్ల డాలర్ల జరిమానా, జట్టు పాయింట్లన్నీ రద్దు. డ్రైవర్ల పాయింట్లు మాత్రం భద్రం! ఫెరారీ ఇంజిన్ నిబంధనలకు తగ్గట్టు లేదన్న అనుమానం వ్యవహారమైతే 2020లో ఆ జట్టుకూ, రేసుల పాలక సంస్థ ఎఫ్‌ఐఏకూ మధ్య రహస్య ఒప్పందంతో ముగిసింది. అసలేం తేలిందో టికెట్ కొన్నవాడికి చెప్పలేదు. నాకు మింగుడుపడనిది ఇదే.

రిస్క్: మొదటిదానిలో పొరపాటునూ మోసాన్నీ ఒకే గాటన కట్టేస్తారు. రెండోదానిలో పలుకుబడి పనిచేసిందన్న అనుమానం మిగులుతుంది.

బరువు, ఇంధనం లాంటి కొలవగలిగేవాటికి మొదటిదే నయం. క్లబ్ రేసులకూ అంతే, అక్కడ విచారణకు డబ్బెక్కడిది? 2008 సింగపూర్ రేసులో రెనో జట్టు తన డ్రైవర్‌తోనే కావాలని కారును గోడకు కొట్టించడం లాంటి కుట్రలకు విచారణ తప్పదు. కాకపోతే తీర్పుతో పాటు కారణాలూ బయటపెట్టాలి.