వికీపీడియా పేజీ పెట్టిస్తామని ఫోన్ వస్తే డబ్బు కట్టకండి

మా పెదనాన్న పౌరాణిక నాటకాలు ఆడేవారు. ఆయన పేరు మీద ఇంగ్లీషు వికీపీడియాలో పేజీ పెట్టిస్తామని ఒక పీఆర్ ఏజెన్సీ మా అన్నయ్యకు ఫోన్ చేసింది. పాతికవేలు అడ్వాన్సు, పేజీ లైవ్ అయ్యాక మరో పాతికవేలు. పేజీ వచ్చింది, లింకు చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది, అన్నయ్య మిగతా డబ్బూ కట్టేశాడు. వారం తిరక్కుండానే పేజీ మాయం.

తొలగించినవాళ్లు రాసిన కారణాల్లో మొదటిది కాపీరైటు. నాటక సమాజం వాళ్ల వెబ్‌సైటులో ఉన్న పరిచయ వ్యాసాన్ని ఏజెన్సీ ఉన్నదున్నట్టు దించేసింది. అడిగితే ‘మీ పెదనాన్న గురించే కదండీ, మీకు అభ్యంతరం లేకపోతే చాలు’ అన్నారు. అది శుద్ధ అబద్ధం. వ్యాసం ఎవరి గురించి అన్నదానితో పనిలేదు, హక్కు రాసినవారిది. ఎవరైనా, వ్యాపారానికైనా సరే, వాడుకోవచ్చని ఒప్పుకుంటూ వారు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసి, వికీపీడియాను నడిపే వికీమీడియాకు మెయిల్ పంపాలి. ఫోటోకూ అంతే. ఆల్బమ్ మనదైనంత మాత్రాన హక్కు మనదైపోదు, హక్కు ఎవరిదో వారిని అడగాల్సిందే.

రెండోది మూలాలు, అంటే రాసినదానికి చూపే ఆధారాలు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పేపర్ల జిల్లా పేజీల్లో పెదనాన్న మీద వచ్చిన కథనాల కటింగులు మేం కట్టగట్టి ఇచ్చాం. ‘వీటికి లింకుల్లేవు’ అని ఏజెన్సీవాళ్లు పక్కన పడేశారు. నిజానికి మూలం ఇంటర్నెట్‌లో ఉండి తీరాలన్న నిబంధనే లేదు. పత్రిక పేరు, తేదీ, శీర్షిక, పేజీ నంబరు ఇస్తే చాలు. వాళ్లేమో డబ్బిస్తే ఏదైనా వేసే ప్రెస్ రిలీజ్ సైట్లలో ఒకే పేరాను శీర్షికలు మార్చి వేయించి, వాటినే మూలాలుగా చూపించారు. అవి చెల్లవు.

గట్టిగా నిలదీస్తే ‘ఎవరో గిట్టనివాళ్లు తీయించారు, నెలనెలా మెయింటెనెన్స్ కడితే మళ్లీ తెచ్చి కాపాడతాం’ అన్నారు. ఈ ఎత్తు పాతదే. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ‘ఆరెంజ్‌మూడీ’ అనే పేరుతో బయటపడిన ముఠా కూడా పేజీకి డబ్బు, తర్వాత దాన్ని కాపాడటానికి నెలనెలా డబ్బు అడిగేది. అప్పుడు 381 ఖాతాలను నిరోధించి, 210 వ్యాసాలు తొలగించారు. వాటిలోనూ ఇవే గొడవలు: ప్రచారపు రాతలు, ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పని సరుకు, కాపీరైటు అనుమానాలు.

డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి, ఎవరి తరఫున రాస్తున్నారో కూడా, బహిరంగంగా చెప్పాలని 2014 నుంచి నిబంధన ఉంది. కాబట్టి ముందు వాళ్ల వికీపీడియా ఖాతా పేరు అడగండి. ఆ ఖాతా నుంచి చేసిన మార్పులు, తొలగించిన పేజీల్లోవి తప్ప, ఎవరైనా చూడొచ్చు. పేరు చెప్పడానికి నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. పేజీ ఉంటుందని గ్యారంటీ ఇస్తామన్నా అంతే, అది ఇచ్చే అధికారం అక్కడ ఎవరికీ లేదు. తెలుగులో పేజీ కావాలంటే తెలుగు వికీపీడియా రచ్చబండలో (అక్కడ రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చా పేజీ), ఫలానావారి బంధువులమని చెప్పి, కటింగుల వివరాలు పెట్టి అడగండి. పైసా ఖర్చులేదు.

మా డబ్బు ఇంకా రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇప్పటికే కట్టినవాళ్లుంటే చాట్లు, యూపీఐ రసీదులతో పాటు పేజీ లింకు కూడా దాచుకోండి. పేజీ పోయినా ఆ లింకు తెరిస్తే ఎప్పుడు, ఎందుకు తొలగించారో కనిపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జత చేయండి.