దిద్దుబాటు సారాంశం: తెలుగు వికీపీడియాలో నాకు నచ్చిన చిన్న పెట్టె

ఖాతా తెరవడం, వ్యాసం మొదలుపెట్టడం, మూలం చేర్చడం వంటి సంగతులు చాలామందికి తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్ళడం లేదు. విజయనగరంలో ఉంటూ, ఏళ్ళ తరబడి మా ఉత్తరాంధ్ర ఊళ్ళ పేజీలు దిద్దుతూ వస్తున్నవాడిగా తెలుగు వికీపీడియాలో ఒకే ఒక్క సదుపాయం గురించి రాయాలనిపించింది. మార్పును ప్రచురించే ముందు కనిపించే "సారాంశం" అనే పెట్టె అది. ఏం మార్చామో, ఎందుకు మార్చామో అందులో ఒక వాక్యం రాస్తాం. అది మన వాడుకరి పేరుతో, తేదీతో పేజీ చరిత్రలో, అంటే ఆ పేజీలో జరిగిన మార్పుల జాబితాలో, నిలిచిపోతుంది. పదిమందీ కలిసి రాసే చోట మంచి రచయిత ఎవరో గుర్తుపట్టాలంటే నేను వ్యాసాల సంఖ్య చూడను, ఈ పెట్టెలో ఆయన ఏం రాశారో చూస్తాను.

ఈ అభిమానం నాకు 2022లో కలిగింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి వచ్చింది. పార్వతీపురం, సాలూరు, కురుపాం ప్రాంతాలు విజయనగరం జిల్లా నుంచి, పాలకొండ ప్రాంతం శ్రీకాకుళం జిల్లా నుంచి విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడ్డాయి. రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. అంటే ఒక్క రోజులో వందల ఊళ్ళ పేజీల్లో మొదటి వాక్యం పాతబడిపోయింది. ఉత్సాహవంతులు చాలామంది ఆ పని మీద పడ్డారు, అది ఎంతో మెచ్చుకోదగ్గ విషయం. అయితే పార్వతీపురం దగ్గరి ఒక ఊరి పేజీలో ఒక వాడుకరి "విజయనగరం జిల్లా" అని ఉన్న ప్రతిచోటా "పార్వతీపురం మన్యం జిల్లా" అని ఒకేసారి మార్చేశారు. దాంతో వ్యాసంలో ఆ ఊరి చరిత్ర చెప్పే విభాగంలోని వాక్యం "1979 జూన్ 1న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు అందులో చేరింది" అని తయారైంది. 2011 జనగణన వివరాల పైన కూడా అప్పటికి పుట్టని జిల్లా పేరు వచ్చి కూర్చుంది. సారాంశం పెట్టె మాత్రం ఖాళీగా ఉంది.

ఆ పొరపాటు గమనించిన మరొకరు మొత్తం మార్పును రద్దు చేశారు. ఎందుకు రద్దు చేశారో వారూ రాయలేదు. ఫలితంగా చరిత్ర విభాగం సరైంది కానీ మొదటి వాక్యంలో మళ్ళీ పాత జిల్లా వచ్చింది. మొదటి వ్యక్తి తిరిగి అన్నీ మార్చారు, రెండో వ్యక్తి తిరిగి రద్దు చేశారు. నిజానికి ఇద్దరి మాటలోనూ సగం సగం న్యాయం ఉంది. పార్వతీపురం ప్రాంతం సంగతి తెలిసినవారికి ఇది అర్థమవుతుంది: ఆ ప్రాంతం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులో చేరింది, 1979లో విజయనగరం జిల్లాకు వచ్చింది, 2022లో తానే జిల్లా కేంద్రమైంది. ఇన్ని జిల్లాలు మారిన చోట ఏ వాక్యంలో ఏ జిల్లా పేరుండాలన్నది ఆ వాక్యం ఏ కాలానిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క ముక్క వారిద్దరిలో ఎవరైనా ముందే రాసి ఉంటే తగవే లేదు.

ఆ తగవును తీర్చింది మూడో వాడుకరి. వారెవరో నాకు తెలియదు. మొత్తం పేజీని ఒకేసారి ముట్టుకోకుండా మూడు చిన్న మార్పులుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో సారాంశం రాశారు. మొదటిది: "ప్రవేశికలో ఇప్పటి జిల్లా పేరు, 2022 ఏప్రిల్ 4 నుంచి." రెండోది: "1979 వాక్యంలో విజయనగరమే ఉండాలి, అది అప్పటి సంగతి." మూడోది: "జనాభా లెక్కలు 2011వి, కాబట్టి అప్పటి జిల్లా పేరే ఉంచాను." ఎవరినీ తప్పు పట్టలేదు, పాఠం చెప్పలేదు, చేసిన పనికి కారణం మాత్రం చెప్పారు. ఆ తరువాత ఆ పేజీని ఎవరూ వెనక్కి తిప్పలేదు. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం ఏమిటంటే, కొద్ది రోజుల తరువాత పక్క ఊరి పేజీలో అదే పని చేసిన మొదటి వ్యక్తి సారాంశంలో "ప్రవేశికలో ఇప్పటి జిల్లా పేరు" అని రాశారు. మాట కూడా మార్చకుండా అదే వాక్యం. ఏ సహాయ పేజీ చదివినా అంత త్వరగా అబ్బని అలవాటు అది.

ఈ పెట్టెకు మొదటి నుంచీ ఇంత చోటు లేదన్నది కూడా చెప్పాలి. 2018కి ముందు సారాంశం 255 బైట్లు (కంప్యూటరులో రాత తీసుకునే చోటుకు కొలత) మించకూడదు. తెలుగులో ప్రతి గుర్తూ, అంటే అక్షరమూ పొల్లూ గుణింతపు గుర్తూ విడివిడిగా, మూడేసి బైట్లు తీసుకుంటుంది. "పార్వతీపురం మన్యం జిల్లా" అన్న మాటకే 68 బైట్లు పోతాయి, అంటే నాలుగో వంతు పైగా. అందుకే ఆ రోజుల్లో "సవరణ", "అక్షరదోషాలు" అని రాసి ముగించేవారిని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. ఇప్పుడు హద్దు 500 గుర్తులు. తెలుగులో రెండు మూడు పూర్తి వాక్యాలకు ఇది హాయిగా సరిపోతుంది.

అయితే వాడగా వాడగా దీని హద్దులు కూడా తెలిసివచ్చాయి. ఒకసారి ప్రచురించిన సారాంశాన్ని మళ్ళీ దిద్దడానికి వీలు లేదు. కోపంలో రాసిన మాట కూడా పేజీ చరిత్రలో అలాగే ఉండిపోతుంది. కనుక వాదన ఉన్నప్పుడు దానికి చర్చా పేజీయే తగిన చోటు. సారాంశం కారణం చెబుతుందే కానీ రుజువు కాదు. "మా ఊరు నాకు తెలుసు" అని అందులో రాసినంత మాత్రాన మూలం చూపవలసిన బాధ్యత తీరదు. ఇంకొక వ్యాసంలోని పాఠాన్ని తెచ్చి చేర్చినప్పుడు, లేదా ఇంగ్లీషు వ్యాసం నుంచి అనువదించినప్పుడు, ఏ వ్యాసం నుంచో సారాంశంలో తప్పక రాయాలి. వికీపీడియాలో రచయితల పేర్లు వ్యాసం కింద ఉండవు, పేజీ చరిత్రలోనే ఉంటాయి కనుక ఆ ఒక్క పంక్తి వదిలేస్తే అసలు రాసినవారికి దక్కవలసిన గుర్తింపు పోతుంది. దీన్ని చాలామంది మర్యాద అనుకుంటారు, కానీ ఇది వికీపీడియా పాఠాన్ని తిరిగి వాడుకోవడానికి ఉన్న లైసెన్సు షరతు కూడా.

ఇంత చెప్పినా అందరికీ ఇదే వర్తిస్తుందని అనలేను. నేను ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తీరుబడిగా టైపు చేస్తాను. నేను దిద్దే పేజీలు ఊళ్ళవి, చెరువులవి, పాత గుళ్ళవి. అవి నిమిషాల మీద మారేవి కావు. సెల్‌ఫోనులో రాసేవారికి ఈ పెట్టె చివరి మెట్టు మీద గాని కనబడదు, అప్పటికి తొందరలో దాటేయడం సహజం. ఎన్నికల ఫలితాల వంటి పేజీల్లో వెంటవెంటనే అంకెలు మార్చేవారు ప్రతిసారీ పూర్తి వాక్యం రాయాలనడం కూడా సబబు కాదు, రెండు మాటలు చాలు. నాలాగా ఊరి పేజీలు పట్టుకున్నవారికైతే, ముఖ్యంగా జిల్లా మారిన మండలాల్లో పని చేస్తున్నవారికైతే, కొత్త వ్యాసం మొదలుపెట్టే ముందు ఏదైనా ఒక పాత పేజీలో "చరిత్ర" నొక్కి, ఎవరు ఎలాంటి సారాంశాలు రాశారో ఒక సాయంత్రం చదవమని చెబుతాను.